గోదావరి గట్టు జట్టుకు స్వర్ణోత్సవ అభినందన

తెల్లవారుజామున ఏటూరునాగారం బస్టాండులో హనుమకొండ బస్సు కోసం ఎదురుచూసే కాలేజీ పిల్లల్ని ఈ ఊళ్లో చూడనివాళ్లు ఉండరు. ఒక్కొక్కరి భుజాన ఒక సంచి. సంచిలో మడతపెట్టిన జెర్సీ, నిక్కరు, తువ్వాల, ఇంట్లోనో హాస్టల్లోనో కట్టిచ్చిన సద్ది. పక్కన ఆటలు నేర్పే పీడీ సారు, ఆయన చంకలో ఒక ఫైలు. ఫైల్లో ప్రిన్సిపాల్ సంతకం చేసిన అర్హత పత్రాలు, మెమోల జిరాక్సులు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు. బస్సు కదిలి చిన్నబోయినపల్లి దాటి, తాడ్వాయి అడవిలో పడి, పస్రా, గోవిందరావుపేట, ములుగు మీదుగా హనుమకొండ చేరేసరికి వంద కిలోమీటర్లు దాటుతుంది. దిగగానే మొహం కడుక్కుని గ్రౌండులో నిలబడాలి. ఎదుటి జట్టు తన ఊళ్లో, తన మంచం మీద కంటినిండా నిద్రపోయి వచ్చిన జట్టు. అయినా కబడ్డీ కోర్టులో పాయింటు ఇద్దరికీ ఒకటే.

1976 ఆగస్టు 19న ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయానికి 2026లో యాభై ఏళ్లు నిండుతున్నాయి. ఈ స్వర్ణోత్సవ వేళ విశ్వవిద్యాలయానికి, దాని గురువులకు, విద్యార్థులకు గోదావరి గట్టు నుంచి హృదయపూర్వక అభినందనలు. వేదికల మీద శాలువాలు కప్పించుకోవాల్సిన పెద్దలు చాలామందే ఉన్నారు. వాళ్లందరికీ నమస్కరిస్తూనే ఒక మాట మనవి చేస్తున్నాను. ఈ పండుగలో మొదటి దండ ఆ తెల్లవారుజాము బస్సు దిగిన జట్టుకు వేయాలి. ఏటూరునాగారం ప్రభుత్వ డిగ్రీ కళాశాల లాంటి చిన్న కాలేజీల జట్లే ఈ విశ్వవిద్యాలయాన్ని అడవి దాకా, ఏటి దాకా తెచ్చాయి.

కాకతీయ రాకముందు వరంగల్ ప్రాంతపు కాలేజీలకు ఉస్మానియానే పెద్దదిక్కు. పైచదువుల కోసం 1960లలో వరంగల్‌లో ఉస్మానియా పీజీ కేంద్రం వచ్చింది. ఆ కేంద్రమే పెరిగి పెద్దదై 1976లో సొంత పేరుతో నిలబడింది. వరంగల్, ఖమ్మం, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు దాని పరిధిలోకి వచ్చాయి. 2008లో శాతవాహన విశ్వవిద్యాలయం ఏర్పడేదాకా కరీంనగర్ కూడా ఈ గూటిదే. మ్యాపు తీసి చూడండి. గోదావరికి అటూ ఇటూ ఉన్న అడవి, సింగరేణి బొగ్గు గనులు, పత్తి, మిరప పండే నల్లరేగళ్లు, కాకతీయుల చెరువుల కింది మాగాణి, అన్నీ ఒకే విశ్వవిద్యాలయం నీడన చేరాయి. అందుకే ఇక్కడి అంతర కళాశాలల పోటీ ఉత్త ఆట కాదు, నాలుగు నేలల కలయిక. కోయగూడెం పిల్లవాడు కొత్తగూడెం గని కార్మికుడి కొడుకును కాలు పట్టి ఆపుతాడు. లంబాడీ తండా అమ్మాయి మంచిర్యాల అమ్మాయి వెన్ను తట్టి ఖో ఇస్తుంది, ఇద్దరూ విశ్వవిద్యాలయ జట్టులో కలిశాక.

కాకతీయ పుట్టిన 1970ల దశకంలోనే మరో మార్పు వచ్చింది. ఐదో పంచవర్ష ప్రణాళిక కాలంలో గిరిజన ఉప ప్రణాళిక మొదలై, దానితోపాటు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు (ఐటీడీఏలు) వచ్చాయి. ఉమ్మడి వరంగల్ జిల్లాకు ఐటీడీఏ కేంద్రం ఏటూరునాగారమే అయింది. ఆశ్రమ పాఠశాలలు, గిరిజన వసతి గృహాలు పెరిగాయి. మైళ్ల దూరపు గూడేల పిల్లలు ఒకచోట ఉండి చదువుకోవడం మొదలుపెట్టాక సాయంత్రం ఆటకు సరిపడా మంది దొరికారు. ఒక గూడెంలో ఒకే ఈడు పిల్లలు నలుగురుంటే చిర్రగోనె ఆడుకోవచ్చు, గోటీలు ఆడుకోవచ్చు. ఖోఖో జట్టు కట్టాలంటే పన్నెండు మంది కావాలి. ఆ పన్నెండు మందిని ఇచ్చింది హాస్టలే. ఆశ్రమ పాఠశాల పిల్లలకు జరిగే జోనల్, ఐటీడీఏ, రాష్ట్ర స్థాయి పోటీల్లో రాటుదేలిన పిల్లలు డిగ్రీ కాలేజీ గడప తొక్కేసరికి వాళ్లకు విశ్వవిద్యాలయం అనే ఇంకో మెట్టు కనిపించింది. ఒక ద్వారం హాస్టల్, రెండో ద్వారం కాకతీయ. ఈ రెండూ తెరుచుకున్నాకే మన జట్ల చరిత్ర మొదలైంది.

చిన్న కాలేజీ జట్టు ఎలా తయారవుతుందో తెలిస్తేగానీ దాని గొప్పతనం అర్థం కాదు. పెద్ద కాలేజీలో ఆటకొక జట్టు ఉంటుంది. చిన్న కాలేజీలో అన్ని ఆటలకూ ఒకటే జట్టు. కబడ్డీలో ఎడమ మూలన నిలబడి పట్టేవాడే వాలీబాల్‌లో నెట్టు దగ్గర బాల్ లేపుతాడు, వాడే 800 మీటర్లకూ పేరిస్తాడు. ఖోఖోలో స్తంభం చుట్టూ తిరిగి తప్పించుకున్న అమ్మాయే మరునాడు లాంగ్ జంప్ గుంతలో దూకుతుంది. ఒకరికి జ్వరం వస్తే నాలుగు ఆటలు కుంటుపడతాయి. ఒకరి ఊళ్లో పత్తి ఏరే పని పడితే సాధన ఆగుతుంది. వానాకాలంలో జంపన్నవాగు, దయ్యాలవాగు పొంగితే సగం జట్టు అవతలి ఒడ్డునే ఉండిపోతుంది. ముల్లకట్ట దగ్గర గోదావరి మీద వంతెన పడేదాకా ఆవలి వాజేడు వైపు నుంచి రావాలనుకున్న పిల్లలకు పడవే దిక్కు.

మరి ఈ కాలేజీలు కబడ్డీనీ ఖోఖోనూ ఎందుకంత గట్టిగా పట్టుకున్నాయి? కబడ్డీకి కావలసింది పదమూడు మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు నేల. అమ్మాయిలకైతే పన్నెండు, ఎనిమిది చాలు. రాళ్లేరి, మట్టి గుల్లచేసి, నీళ్లు చల్లి, సున్నంతో గీతలు వేస్తే కోర్టు తయారు. ఖోఖోకు రెండు గుంజలు పాతితే చాలు. బ్యాటు విరగదు, నెట్టు చిరగదు, రాకెట్టు కొననక్కర్లేదు. డబ్బు లేని చోట మనిషి ఒళ్లే పనిముట్టయిన ఆటలివి. మన పిల్లలు వాటిని పేదల ఆటలని ఆడలేదు. తమ చేతిలో ఉన్నదాన్ని తమకు చేతనైనంత గొప్పగా ఆడారు. అదే కబడ్డీ 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకాల ఆట అయింది, 2010లో గ్వాంగ్‌ఝౌలో మహిళల కబడ్డీ కూడా చేరింది. 2025 జనవరిలో ఢిల్లీలో ఖోఖోకు తొలి ప్రపంచ కప్ జరిగింది. భారత మహిళలు ఫైనల్లో నేపాల్‌ను 78-40తో, పురుషులు 54-36తో ఓడించి రెండు కప్పులూ గెలిచారు. హాస్టల్ వెనకాల రెండు గుంజల మధ్య ఆడుకున్న ఆట ప్రపంచ కప్పు ఆట అయిందన్న వార్త చదివిన రోజు ఈ ప్రాంతంలో ఎందరు పాత ఆటగాళ్ల ఛాతీ ఉప్పొంగి ఉంటుందో ఊహించవచ్చు.

విశ్వవిద్యాలయ పోటీల ఏర్పాటు ఎంతో న్యాయమైనది. అంతర కళాశాలల పోటీలో చిన్న కాలేజీకి వేరే గీత ఉండదు, పెద్ద కాలేజీకి వేరే గీత ఉండదు. జట్టు మొదటి మ్యాచిలోనే ఓడిపోయినా సరే, ఆ మ్యాచిలో ఒక పిల్లవాడు బాగా ఆడితే సెలెక్టర్ల కళ్లు వాడి మీద పడతాయి. జట్టు ఓడుతుంది, ఆటగాడు నెగ్గుతాడు. ఎంపికైనవాళ్లకు కోచింగ్ క్యాంపు పెడతారు. అక్కడి నుంచి దక్షిణ మండల అంతర విశ్వవిద్యాలయ పోటీలు, ఆపైన అఖిల భారత పోటీలు. భారత విశ్వవిద్యాలయాల సంఘం ఈ పోటీలను నడుపుతుంది. 1925లో అంతర విశ్వవిద్యాలయ మండలిగా పుట్టిన ఆ సంఘానికి నిండు నూరేళ్లు. 2020 ఫిబ్రవరిలో భువనేశ్వర్‌లో ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు కూడా మొదలయ్యాక ఆ మెట్ల వరుస ఇంకొంచెం పైకి పెరిగింది.

ఏజెన్సీ నుంచి వెళ్లిన పిల్లవాడికి ఈ మెట్లలో ప్రతిదీ ఒక కొత్త లోకం. కొందరికి అదే మొదటి రైలు ప్రయాణం. తమిళనాడులోనో కర్ణాటకలోనో కేరళలోనో భాష తెలియని ఊళ్లో దిగి, ఛాతీ మీద కాకతీయ అని రాసి ఉన్న జెర్సీతో నడిచినప్పుడు, పలకరించినవాళ్లకు తన విశ్వవిద్యాలయం పేరు చెప్పుకోవడం వాడికి ఒక పదవి. ఇంటికి తిరిగొచ్చాక ఆ జెర్సీ ఉతకడానికి కూడా మనసొప్పదు. గూడెంలో పండుగనాడు వేసుకునే బట్ట అదే అవుతుంది. సర్టిఫికెట్ ఇనప్పెట్టెలో పట్టా పాస్‌బుక్కుతోపాటు చేరుతుంది. ఆ ఇంట్లో ఆ రెండు కాగితాలకూ ఒకటే విలువ.

అడవి బిడ్డలకు పరుగు పుట్టుకతోనే వస్తుందని చాలామంది మెచ్చుకోలుగా అంటారు. వాళ్ల మనసు మంచిదే కావచ్చు. ఆ మాటతో మాత్రం నేను ఏకీభవించను. పుట్టుకతో వచ్చిందని చెప్పినప్పుడల్లా వాళ్లు పడ్డ కష్టాన్ని మనం వాళ్ల ఖాతాలోంచి తీసేస్తున్నాం. రాజస్థాన్ ఆదివాసీ కుటుంబం నుంచి వచ్చిన లింబారామ్‌ను చూడండి. వెదురు విల్లు పట్టిన కుర్రవాణ్ణి 1987లో ఎంపిక చేసి ఢిల్లీలో శిక్షణ ఇస్తే, మరుసటి ఏడాదే సియోల్ ఒలింపిక్స్‌లో నిలబడ్డాడు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లోనూ పోటీపడ్డాడు. వెదురు విల్లు నుంచి ఒలింపిక్ విల్లుకు మారిన చెయ్యి ఎన్ని వేల బాణాలు వేసి ఉంటుంది! మన గోదావరి దిగువన, మన్యంలోని కోయ అమ్మాయి కుంజా రజిత 2021లో నైరోబీ ప్రపంచ అండర్-20 అథ్లెటిక్స్‌లో భారత మహిళల 4×400 మీటర్ల రిలే జట్టులో పరుగెత్తింది. ఫైనల్లో ఆ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. అడవి ఆమెకు కాళ్ల బలం ఇచ్చి ఉండొచ్చు, బ్యాటన్ అందుకునే ఒడుపు మాత్రం సాధనే నేర్పింది. మన కాలేజీ పిల్లల్నీ అలాగే మెచ్చుకుందాం. వాళ్లు పుట్టినందుకు కాదు, వాళ్లు పొద్దున్నే లేచినందుకు.

అమ్మాయిల జట్ల గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఒక అబ్బాయిని హనుమకొండ పంపాలంటే ఇంట్లో ఒక మాట చాలు. ఒక అమ్మాయిని పంపాలంటే పీడీ సారు గూడేనికి వెళ్లి మంచం మీద కూర్చుని చాయ తాగి, పెద్దమనుషులతో మాట్లాడాలి. తోడు ఏ మేడమ్ వస్తారో, రాత్రి ఎక్కడ పడుకుంటారో, ఎప్పుడు తిరిగొస్తారో పూచీ పడాలి. డిగ్రీ రెండో ఏడులో పెళ్లి కుదిరితే జట్టు మళ్లీ మొదటికొస్తుంది. ఇన్ని దాటి గీత మీద నిలబడిన అమ్మాయి మొదటి కూతకే సగం మ్యాచి గెలిచినట్టు.

ఆ తోవ ఎంత దూరం వెళ్తుందో మన ఓరుగల్లు గడ్డ మీదే రుజువైంది. పర్వతగిరి మండలం కల్లెడ ఎంత ఊరు? ఆ పల్లె బడిలో విల్లు పట్టిన వర్ధినేని ప్రణీత 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో డోలా బెనర్జీ, బొంబేలాదేవిలతో కలిసి భారత విలువిద్య జట్టులో నిలిచింది. అదే కల్లెడలో పుట్టిన జీవంజి దీప్తిని చిన్నప్పుడు తోటివాళ్లు ఎగతాళి చేశారు. మేధో వైకల్యం ఉన్న క్రీడాకారుల టీ20 విభాగంలో 400 మీటర్లు పరుగెత్తి, 2024 మేలో జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లలో పరుగు ముగించి కాంస్యం తెచ్చింది. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న అగసర నందిని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్‌లో 5,712 పాయింట్లతో కాంస్యం గెలిచింది. ఏడు పోటీలు, రెండు రోజులు, ఒకే మనిషి. ఒకే ఒంటితో నాలుగు ఆటలాడే మన చిన్న కాలేజీ అమ్మాయికి ఈ హెప్టాథ్లాన్ కొత్తగా అనిపించదు.

2021 సెప్టెంబరులో హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగాయి. పంజాబ్ అమ్మాయి హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లను 4 నిమిషాల 5.39 సెకన్లలో పరుగెత్తి, 2002 నుంచి చెక్కుచెదరని సునీతారాణి జాతీయ రికార్డును మన ట్రాక్ మీద తిరగరాసింది. మన పిల్లలు బస్సు దిగి నడిచే ఊళ్లోనే దేశపు రికార్డు మారింది. పెద్ద ఆట ఎక్కడో లేదు, ఏటూరునాగారం నుంచి ఒక బస్సు దూరంలోనే ఉందని ఆ రోజు తేలిపోయింది.

కబడ్డీలో ఒక ధర్మం ఉంది. కూతకు వెళ్లినవాడు ఎదుటివాణ్ణి తాకితే చాలదు. కూత తెగకుండా, పట్టు విడిపించుకుని, తన గీత చేరాలి. అప్పుడే పాయింటు జట్టుది. చేరితే అంతకుముందు ఔటై బయట కూర్చున్నవాడు కూడా లేచి మళ్లీ కోర్టులోకి వస్తాడు. నా మట్టుకు ఈ యాభై ఏళ్ల చరిత్రలో అందరికంటే పెద్ద గెలుపు అలా తిరిగొచ్చినవాళ్లదే. విశ్వవిద్యాలయ జట్టుకు ఆడి, డీపీఎడ్, బీపీఎడ్ చదివి, పీఈటీలుగా మళ్లీ ఏజెన్సీ బడికే వచ్చినవాళ్లు ఉన్నారు. పోలీసు కొలువులోనో అటవీ శాఖలోనో చేరి సెలవుల్లో ఊరి పిల్లలకు పట్టు నేర్పేవాళ్లు ఉన్నారు. కొలువు రాక సేద్యం చేసుకుంటూనే సంక్రాంతి టోర్నమెంటుకు గీతలు గీసి, విజిల్ ఊదేవాళ్లు ఉన్నారు. వాళ్లు గీత దాటి వెళ్లారు, తాకారు, తిరిగి గీత చేరారు. వాళ్ల వల్ల బయట కూర్చున్న ఎందరో లేచి కోర్టులోకి వచ్చారు.

ఈ శుభవేళ వాళ్లందరికీ అభినందనలు. తక్కువ సామగ్రితో, తరచుగా సొంత జేబులోంచి కూడా ఖర్చుపెట్టి జట్టు కట్టిన పీడీలకు, పీఈటీలకు చేతులెత్తి నమస్కారం. పోటీ రోజు నాలుగింటికే లేచి సద్ది కట్టిచ్చిన హాస్టల్ వంటమ్మలకు, అడవి దారిలో చెయ్యెత్తిన చోట బస్సు ఆపి పిల్లల్ని ఎక్కించుకున్న ఆర్టీసీ డ్రైవర్లకు, కండక్టర్లకు, కూతురి చేతిలో వంద నోటు పెట్టి 'పోయి ఆడి రా బిడ్డా' అన్న తల్లులకు వందనం. కప్పు మీద వీళ్ల పేర్లు ఉండవు. కప్పు మాత్రం వీళ్లందరి చేతుల మీదుగానే వచ్చింది.

ఇప్పుడు కాలం మన వైపు చూస్తోంది. 2019 ఫిబ్రవరిలో ములుగు సొంత జిల్లా అయింది. 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదంతో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. దాని తాత్కాలిక ప్రాంగణం జాకారంలో, మన పిల్లల బస్సు రోజూ వెళ్లే దారిలోనే ఉంది. యాభై ఏళ్ల అన్న కాకతీయ, నిన్నగాక మొన్న పుట్టిన చెల్లెలు సమ్మక్క సారక్క కలిసి ఏజెన్సీ ఆటకు ఒక పక్కా మైదానం, ఒక సింథటిక్ ట్రాక్, అమ్మాయిలకు ఒక క్రీడా వసతి గృహం తేగలిగితే రేపటి జట్టుకు తెల్లవారుజాము బస్సు అవసరం తగ్గుతుంది. ఈ కోరిక పెద్దదేమీ కాదు. యాభై ఏళ్లుగా పడిన చెమటకు అది న్యాయమైన వాటా.

చివరగా ఒక విన్నపం, ఇది మనందరికీ. ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో ప్రతి చిన్న కాలేజీ ఒక రిజిస్టరు తెరవాలి. ఏ ఏడు ఎవరు ఏ ఆట ఆడారు, ఏ ఊరివాళ్లు, ఎక్కడిదాకా వెళ్లారు, ఇప్పుడేం చేస్తున్నారు అనేది పాత ఆటగాళ్ల నోట విని రాయాలి. గెలిచినవాళ్ల పేర్లే కాదు, మొదటి మ్యాచిలో ఓడి రాత్రి బస్సుకు తిరిగొచ్చినవాళ్ల పేర్లు కూడా రాయాలి. మీ ఇంటి ఇనప్పెట్టెలో పాత జెర్సీ ఉంటే, మడత నలిగిన సర్టిఫికెట్ ఉంటే, జట్టంతా నిలబడి దిగిన మసకబారిన ఫొటో ఉంటే బయటికి తీయండి. ఫొటో వెనుక పేర్లు రాసి, ఒక నకలు మీ కాలేజీకి ఇచ్చి రండి. ఆ పేర్లు రాసుకున్న నాడే మన జట్ల చరిత్ర పూర్తవుతుంది.